పట్టా ఉంటే పంట పండుతుందా?

మాది దుగ్గిరాల దగ్గర పల్లె. నాన్నకి రెండెకరాల పసుపు. కొమ్ములు యార్డుకి తోలి, వాళ్ళు చెప్పిన ధరకి తల ఊపి రావడం మా ఇంట్లో తాతల నాటి అలవాటు. నేను బి.ఎస్సీ. రెండో ఏడులో ఉండగా ఒక బుద్ధి పుట్టింది. పొడి ఆడించి, ఇంటర్నెట్లో సొంత సైటు పెట్టి, వాడుకునేవాళ్ళకే నేరుగా అమ్మితే?

పట్నంలో సైట్లు కట్టే ఒకాయన్ని కలిశాను. "మహత్యమంతా పేరులోనే ఉందయ్యా! పేరులో ఊరూ, పసుపూ రెండూ రావాలి. పదేళ్ళకి ఒకేసారి రిజిస్టరు చేయించావంటే గూగుల్ నిన్ను నమ్మి మొదటి పేజీలో పెడుతుంది" అన్నాడు. ఎరువుకని నాన్న దాచిన 12,000 రూపాయలు తీసుకెళ్ళి ఆయన చేతిలో పోశాను. ఆ ఏడు నాన్న అప్పు తెచ్చి ఎరువు వేశాడు.

మూడు నెలలు గడిచాయి. మొదటి పేజీ కాదు గదా, ఐదో పేజీలోనూ లేను! ఇంటికి వెళ్ళిన ప్రతి ఆదివారం నాన్న కాళ్ళు కడుక్కుంటూ "ఎవరైనా అడిగారట్రా?" అనేవాడు. జవాబు చెప్పలేక ఇంటికి వెళ్ళడమే మానేశాను.

చివరికి మా కంప్యూటర్ లెక్చరర్ గారితో చెప్పుకున్నాను. 2005లో వెలువడిన గూగుల్ పేటెంటు దరఖాస్తు ఒకదానిలో, పేరు ఎన్నేళ్ళకి కొన్నారన్నది కూడా ఒక గుర్తుగా చూడవచ్చని రాశారట. పేర్లు అమ్మేవాళ్ళు దాన్నే పట్టుకున్నారు. దానివల్ల ర్యాంకు రాదని గూగుల్ వాళ్ళే తర్వాత చెప్పారు. వెతికే మాటల్ని పేరులో ఇరికించి, లోపల సరుకు లేని సైట్లను కిందికి నెట్టే మార్పు 2012లోనే వచ్చింది.

"మరి హోస్టింగు సంగతేమిటి సార్?" అన్నాను. నా సైటు తెరిచారు. తెరుచుకోవడానికి పది సెకన్లు! వేగాన్ని 2010 నుంచి, మొబైళ్ళలో వేగాన్ని 2018 నుంచి లెక్కలోకి తీసుకుంటున్నారట. భద్రమైన హెచ్.టి.టి.పి.ఎస్. కనెక్షను 2014లో చేరింది. ఇవన్నీ చిన్న మార్కులే. సర్వరు మాటిమాటికీ పడిపోతే మాత్రం గూగుల్ బాటు రావడం తగ్గిస్తుంది. రోజుల తరబడి అలాగే ఉంటే పేజీలు జాబితాలోంచే పోతాయి. "అది సరేనయ్యా, నీ సైటులో చదవడానికేముంది? మూడు ఫోటోలూ, ఒక ఫోన్ నంబరూ!" అన్నారు.

ఆ ఆదివారం ఇంటికెళ్ళి నాన్నకి అంతా చెప్పేశాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పట్టా పుస్తకం ఉంటే పంట పండుతుందట్రా? కాలవలో నీళ్ళు రావాలి. మడిలో విత్తనం పడాలి" అన్నాడు. పేరు పట్టా, హోస్టింగు కాలవ, రాత విత్తనం. నా చదువంతా కలిపినా ఇంత తేలిగ్గా చెప్పలేకపోయాను.

హోస్టింగు మార్చాను. కొమ్ములు ఎలా ఉడకబెట్టాలో, ఎన్నాళ్ళు ఎండబెట్టాలో నాన్న చెబుతుంటే రాసి పెడుతున్నాను. మొదటి పేజీ ఇంకా దూరమే. పోయిన నెల విశాఖపట్నం నుంచి ఎవరో రెండు కిలోలు అడిగారు. ఆ పొట్లం నాన్నే కట్టాడు.

మిత్రులారా, ఆ 12,000 ఇంకా తిరిగి రాలేదు. కానీ ఆదివారం ఆదివారం ఇంటికి వెళ్తున్నాను. నాన్న ఇప్పటికీ అదే ప్రశ్న అడుగుతున్నాడు. ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను.