కంప్యూటర్‌కీ పథ్యం

మా అమ్మ పోయి ఏడాదిన్నర అయింది. తను పాడిన మంగళహారతులు పద్దెనిమిది, ఫోన్లో రికార్డు చేసి లాప్‌టాప్‌లో దాచుకున్నాను. ఇంకెక్కడా కాపీ లేదు. ఇవాళ, రేపు అంటూ బద్ధకించాను.

దసరా సెలవులకి వచ్చిన మావాడు, "అమ్మా, లాప్‌టాప్ తెరవగానే అమ్మమ్మ పాటలు వాటంతటవే వచ్చేలా చేశాను" అన్నాడు. చిన్న స్క్రిప్ట్ రాసి స్టార్టప్ ఫోల్డర్లో పెట్టాడట. మురిసిపోయాను. హాస్టల్‌కి వెళ్ళే హడావిడిలో అందులో ఏదో మార్చాడు. మర్నాడు పాస్‌వర్డ్ కొట్టానో లేదో, నల్ల కిటికీలు ఒకదాని మీద ఒకటి, పొంగిన పాలలా ఆగకుండా వచ్చిపడ్డాయి. మౌస్ కదలదు. ఆపి మళ్ళీ వేసినా అదే వరస. నా గుండె జారిపోయింది.

ఫోన్ చేస్తే, "స్క్రిప్ట్ తనని తానే మళ్ళీ మళ్ళీ పిలుచుకుంటోందమ్మా, తప్పు నాదే. పాటలు ఎక్కడికీ పోవు. సేఫ్ మోడ్‌లో తెరువు" అన్నాడు.

మాది విండోస్ 10. పాస్‌వర్డ్ అడిగే తెర మీదే పవర్ గుర్తు నొక్కి, షిఫ్ట్ మీద వేలు తీయకుండా రీస్టార్ట్ నొక్కాలి. నీలం తెరలో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్. తర్వాత వచ్చే జాబితాలో 4. ఇంటర్నెట్ కూడా కావాలంటే 5.

చిన్నప్పుడు జ్వరమొస్తే అమ్మ చారన్నం తప్ప ఏదీ పెట్టేది కాదు. లంఖణం పరమౌషధం అనేది. ఇదీ అలాంటిదే. తనకి తప్పనిసరైన వాటితో మాత్రమే కంప్యూటర్ లేస్తుంది. స్టార్టప్ ఫోల్డర్లో మనం పెట్టిన వాటి జోలికి పోదు. అందుకే ఆ కిటికీలు రాలేదు. నాలుగు మూలలా సేఫ్ మోడ్ అన్న అక్షరాలు, మధ్యలో నా పాటల ఫోల్డర్!

ముందు పాటలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను. తర్వాత విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కి, వాడు ఒక్కో అక్షరం చెబుతుంటే షెల్, కోలన్, స్టార్టప్ అని ఇంగ్లీషులో కొట్టాను. స్టార్టప్ ఫోల్డర్ తెరుచుకుంది. స్క్రిప్ట్ తీసేసి మామూలుగా రీస్టార్ట్ చేస్తే, లాప్‌టాప్ బుద్ధిగా లేచింది.

"తిట్టవేంటమ్మా?" అన్నాడు వాడు, గొంతు తగ్గించి.

"నువ్వు నాకోసం చేశావు కదరా. కాపీ పెట్టుకోని తప్పు నాది."

పెన్‌డ్రైవ్ బీరువాలో ఉంది. ఇంకో కాపీ అక్కకి పంపాను. మీరూ ఇవాళే ఆ పని చేయండి. స్క్రిప్ట్ మాత్రం మళ్ళీ పెట్టించుకోలేదు. రోజూ దీపం వెలిగించాక, అమ్మ పాట నేనే నొక్కి పెట్టుకుంటున్నాను.