ఆకలి లేదన్న పిల్లవాడు



ఆట చూడడానికి పదిమంది ఒక ఇంట చేరినప్పుడు కలిసి తినదగిన పదార్థం ఒకటి మీకు చెప్పదలచాను. దాని పేరు లోడెడ్ ఫ్రైస్. వేయించిన బంగాళాదుంప ముక్కలపై కూర, చీజ్, ఉల్లిపాయలు మొదలైనవి పరచి అందించే వంటకం అది. దానిని నేను నేర్చుకొన్నది జర్మనీ దేశంలోని కార్ల్స్‌రూహె నగరంలో. అయితే వంటకంటె విలువైన పాఠం ఒకటి అక్కడ ఎనిమిదేళ్ల బాలుడు నాకు నేర్పాడు.

కార్ల్స్‌రూహె 1715లో స్థాపించిన నగరం. రాజప్రాసాదపు గోపురం నుండి 32 దారులు సూర్యకిరణాలవలె బయలుదేరుతాయి. నగరపు వీధులు విప్పిన విసనకర్రను తలపిస్తాయి. ప్రాసాదం వెనుక అడవి ఉన్నది. ఆ అడవిలోనే ఊరి ఫుట్‌బాల్ మైదానం ఉన్నది. 1993 నవంబరు 2న ఆ ఊరి జట్టు స్పెయిన్ దేశపు వలెన్సియా జట్టును 7–0 తేడాతో ఓడించింది. ఫుట్‌బాల్ అంటే అంత ప్రాణమైన ఊరది. వేయించిన బంగాళాదుంపలను అక్కడివారు ‘పొమ్మెస్’ అంటారు. ఎర్రని టొమాటో సాసు, తెల్లని మయొనీసు రెండూ వేసి ఇస్తే దానిని ‘ఎరుపు–తెలుపు’ అని పిలుస్తారు.

2024లో ఐరోపా దేశాల ఫుట్‌బాల్ పోటీలు జర్మనీలో జరిగాయి. ఆ రోజులలో నేను సెలవు పెట్టి, అక్కడ చదువుకొంటున్న నా మేనకోడలి ఇంట ఉన్నాను. జూన్ 14న తొలి ఆట. జర్మనీ స్కాట్లండ్‌ను 5–1తో గెలిచింది. ఆట చూడడానికి మేనకోడలి స్నేహితులు, పక్కింటి టర్కీ కుటుంబం వచ్చారు. నేను ఉత్సాహంతో రెండు పెద్ద పళ్లేల నిండా దుంపలు వేయించి, వాటిపై కోడిమాంసపు కూర, చీజ్ ధారాళంగా పోశాను. అందరూ మెచ్చుకొంటారని మురిసిపోయాను.

పది నిమిషాలలో కూరలోని తడి పీల్చుకొని ముక్కలు మెత్తబడ్డాయి. అంతకంటె పెద్ద పొరపాటు తరువాత తెలిసింది. ఆ మాంసం హలాల్ కాదు. పక్కింటి బాలుడు పళ్లెంవైపు ఒకసారి చూసి, చేతులు ఒడిలో పెట్టుకొని, “నాకు ఆకలి లేదు” అన్నాడు. శాకాహారి అయిన తెలుగు విద్యార్థిని ఒకతె కూడా మంచినీళ్లు త్రాగి ఊరుకొన్నది. ప్రతి గోలుకూ ఇల్లంతా కేకలు వేసింది. నేను మాత్రం ఆ బాలుణ్ణే చూస్తూ ఉండిపోయాను.

ఎందుకంటే ఆ మాట నాకు కొత్త కాదు. మేము పేరాక్ రాష్ట్రంలోని కొబ్బరితోటలో పెరిగినవాళ్లం. చిన్ననాడు ఒకసారి తోట దొరగారి బంగళాలో పిల్లలందరికీ విందు పెట్టారు. వడ్డించిన నూడిల్స్‌లో గొడ్డుమాంసం ఉన్నది. మా ఇంట అది తినరు. అయినా ఆ మాట చెప్పడానికి సిగ్గుపడి, “నాకు ఆకలి లేదు” అన్నాను. ఆ సాయంకాలం కడుపు కాలుతూ ఇంటికి నడిచిన దారి ఇంకా గుర్తున్నది.

ఆ రాత్రి పడుకొన్నాక మా మామ్మ జ్ఞాపకం వచ్చింది. జపానువారి కాలంలో బియ్యం దొరకనప్పుడు కర్రపెండలమే తమను బ్రతికించిందని ఆమె చెప్పేది. తరువాతి రోజులలోనూ పండుగ సాయంత్రాలలో పెద్ద కుండ నిండా పెండలం ఉడికించేది. అందులో ఉప్పు తప్ప మరేమీ వేసేది కాదు. కొబ్బరి పచ్చడి ఒక చిప్పలో, ఎండుచేపల కారం మరొక చిప్పలో విడిగా ఉంచేది. లయన్లలో తెలుగువారు, తమిళులు, మలయాళులు కలిసి ఉండేవారు. ఉపవాసాలు పాటించే వృద్ధులూ ఉండేవారు. కుండ అందరిదీ, చిప్ప ఎవరిది వారిదీ.

జూలై 5న జర్మనీకి, స్పెయిన్‌కు ఆట. ఈసారి ముందుగానే ప్రతివారినీ ఏమి తింటారో, ఏమి తినరో అడిగాను. “అత్తా, చీజ్ పొట్లం మీద కూడా చదవాలి. కొన్నింటిలో దూడ కడుపు నుండి తీసిన పదార్థం కలుపుతారు” అన్నది మేనకోడలు.

ఇక వంట విధానం వినండి. ఉడికితే పిండివలె విచ్చుకొనే రకం దుంపలు తీసుకోవాలి. వేలెడు మందాన పొడవుగా తరిగి, అరగంట చన్నీళ్లలో నానబెట్టి, పైనున్న పిండిపదార్థం పోయేలా కడగాలి. తడి లేకుండా గుడ్డతో తుడవాలి. మొదట సుమారు 150 డిగ్రీల నూనెలో ఐదారు నిమిషాలు వేయిస్తే లోపల మెత్తగా ఉడుకుతాయి. తీసి ఆరబెట్టి, తినబోయే ముందు 175 డిగ్రీల నూనెలో రెండు మూడు నిమిషాలు మరల వేయిస్తే పైపొర కరకరలాడుతుంది. బంగారు రంగు దాటి మాడనివ్వరాదు. మాడిన దుంపలలో హాని చేసే పదార్థం పెరుగుతుంది. ఆ నూనెలో మాంసం వేయించరాదు. కాగిన నూనె దగ్గర మీరు కాదు, పెద్దలే నిలబడాలి.

ముక్కలపై ఉప్పు మాత్రమే చల్లాను. రాజ్మా కూర, హలాల్ కోడికూర, చీజ్, ఉల్లికాడలు కలిపిన పెరుగు, మన సంబాల్ వేర్వేరు గిన్నెలలో, వేర్వేరు గరిటెలతో ఉంచాను. 89వ నిమిషంలో జర్మనీ గోలు వేసి 1–1తో సమం చేసింది. ఆట అదనపు సమయానికి సాగింది. ఒకసారి వేయించి ఉంచిన ముక్కలు ఉన్నాయి గనుక ఆ విరామంలో మరొక పళ్లెం వేడివేడిగా సిద్ధమైంది.

119వ నిమిషంలో స్పెయిన్ గెలుపు గోలు వేసింది. ఇల్లు నిశ్శబ్దమైంది. బాలుడి కళ్లలో నీళ్లు తిరిగాయి. కొంతసేపటికి అతడు తానే లేచి, గిన్నెలో ముక్కలు వేసుకొని, పైన రాజ్మా కూర పోసి, శాకాహారి అక్కకు అందించి, “ఇందులో మాంసం లేదు” అన్నాడు. తరువాత ఖాళీ గిన్నె పట్టుకొని తనకోసం మరల నా దగ్గరకు వచ్చాడు.

విద్యార్థులారా! మన పాఠశాల క్రీడాదినోత్సవానికి మీరు తినుబండారాలు తెచ్చేటప్పుడు మీ తరగతిలోని మిత్రులను ముందే అడగండి. ఎవరైనా “ఆకలి లేదు” అంటే, ఆ మాటను వెంటనే నమ్మకండి. పళ్లెంలో వారు తినదగినది ఉన్నదో లేదో చూడండి.