మట్టినీళ్లూ... మౌస్ క్లిక్కూ!

మలేసియా అనగానే పెట్రోనాస్ జంట భవనాలూ, బటూ గుహల ముందు నిలిచిన మురుగన్ విగ్రహమూ గుర్తొస్తాయి. కౌలాలంపూర్ నుంచి దక్షిణానికి ఓ పాతిక కిలోమీటర్లు వెళితే వచ్చేది పుత్రజయ. తవ్వించిన సరస్సు, దాని ఒడ్డున గులాబీరంగు మసీదు, చుట్టూ సర్కారు భవనాలు. దేశంలో హలాల్ ముద్ర వేసే 'జాకిం' శాఖ ఉన్నది ఈ ఊళ్లోనే. మాంసానికీ బిస్కెట్లకే కాదు, మందులకూ ఆ ముద్ర ఉంటుంది.

మందుకెందుకూ అంటారా? గొట్టం మాత్రల పైతొడుగు ఎక్కువగా జెలటిన్‌తో చేస్తారు. అది పశువుల ఎముకల నుంచి రావచ్చు, పంది చర్మం నుంచీ రావచ్చు. పొడి యంత్రానికి అంటుకోకుండా కలిపే మెగ్నీషియం స్టియరేట్ కూడా అంతే... పామాయిల్‌దో, జంతు కొవ్వుదో చూసి చెప్పలేం. ఈ అనుమానం చిన్నదేం కాదు. 2018లో ఇండొనేసియాలో తట్టు టీకాలో పంది నుంచి తీసిన పదార్థం వాడారని తేలింది. అవసరం కొద్దీ వేయించుకోవచ్చని మతపెద్దలు చెప్పినా, చాలామంది తల్లులు బిడ్డల్ని తీసుకురాలేదు.

అలాంటి సందేహాలు లేకుండా చేసేందుకే మలేసియా 2012లో మందులకంటూ ప్రత్యేకంగా హలాల్ ప్రమాణం తెచ్చింది. 2019లో దాన్ని సవరించింది.

పుత్రజయ పొరుగునే ఉన్న బంగిలో మందుల కర్మాగారాలున్నాయి. కంప్యూటర్లతో నడిచే ఇలాంటి చోట ముడిసరుకు సంచి రాగానే బార్‌కోడ్ పడుతుంది. పత్రాలు సరిచూసి బాధ్యుడు సరేననేదాకా దాన్ని వాడనివ్వరు. వేరే సంచి పెడితే తూకం యంత్రం ముందుకు కదలదు. ఆ తాళం పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి, కావాలనే తప్పు సంచి పెట్టి పరీక్షిస్తారు. ఎవరు, ఎప్పుడు, ఏం నమోదు చేశారన్నది చెరిగిపోదు. దిద్దినా పాత అంకె అలాగే ఉంటుంది.

ఇంత యంత్రాంగం మధ్య ఓ పాత పద్ధతీ ఉంది. పంది పదార్థం తగిలిన యంత్రాలను హలాల్ తయారీకి మార్చాలంటే ఏడుసార్లు కడగాలి, అందులో ఒకసారి మట్టి కలిపిన నీళ్లతో! అలాగని ఇవాళ అటూ రేపు ఇటూ మార్చుకుంటూ పోవడానికి వీల్లేదు.

అయితే కంప్యూటరుకు తెలిసింది కోడ్ ఒక్కటే. సరఫరాదారు చెప్పకుండా పామాయిల్ బదులు కొవ్వుకు మారితే, పేరు అదే కాబట్టి అది పచ్చజెండా ఊపేస్తుంది. అందుకే కర్మాగారంలో హలాల్ కమిటీ ఉంటుంది. పత్రాలు అడగడం, సరుకు మూలం ఆరా తీయడం మనుషుల పనే.

ఇదంతా కొనేవాళ్ల కంటికి కనిపించదు. కనిపించేది పెట్టె మీద ఎనిమిది కోణాల నక్షత్రమున్న చిన్న గుండ్రటి ముద్రే. జ్వరంతో ఉన్న బిడ్డకు మాత్ర వేయబోయే అమ్మ చూసుకునేదీ దాన్నే!