తిరుమణిలో మా మిద్దె

స్థోమత గలవారు సెలవులు గడపడానికి భీమునిపట్నం వంటి సముద్రపు వూళ్లలో యిల్లు కట్టుకొంటారు. మాకు ఆ ముచ్చట తీర్చినది తిరుమణిలోని తాతలనాటి మట్టి మిద్దె. వేసవి సెలవులకు బెంగుళూరి నుంచి పిల్లలతో మధుగిరి మీదుగా పావగడ చేరి, అక్కడ బస్సు మారి పోయేవాళ్లం. పోయిన నెల మళ్లీ పోయాము. అయితే యీమారు పోయినది దానిని అమ్మడానికి.

పావగడ తాలూకాకు మూడు దిక్కులా ఆంధ్రదేశమే. అందువల్ల యింట్లోనూ సంతలోనూ తెలుగు, కాగితాల్లో కన్నడం. వాన తక్కువ. బోరు వేస్తే పాతాళానికి పోవాలి, పడిన నీళ్లలోనూ ఫ్లోరైడు. మా నాయన జీవితమంతా వేరుసెనగనే నమ్ముకొన్నాడు. అది ఆయనను ఆదుకొన్న యేళ్లకంటె ముంచిన యేళ్లే యెక్కువ.

ఇప్పుడు ఆ చేలలో పండేది కరెంటు. తిరుమణి, వళ్లూరు, బాలసముద్రం, క్యాతగానచెర్లు, రాయచెర్లు అనే అయిదు వూళ్లలో దాదాపు 13,000 ఎకరాల్లో సౌరవిద్యుత్తు పార్కు వెలసింది. 2018 మార్చిలో ప్రారంభించారు. 2019 డిసెంబరుకు మొత్తం 2,050 మెగావాట్లూ పూర్తయినవి. భూమిని కొనలేదు, 28 ఏళ్లకు గుత్తకు తీసుకొన్నారు. ఎకరాకు యేటా 21,000 రూపాయలతో మొదలు, రెండేళ్లకొకసారి నూటికి 5 వంతున పెంపు. మా చేనూ అందులోనే వున్నది. వాన కోసం ఆకాశం చూడవలసిన పని లేకుండా డబ్బు వస్తున్నదని మా పెద్దన్నకు సంతోషమే. నాకూ సంతోషమే, అబద్ధం చెప్పడమెందుకు? కాని గడువు తీరేనాటికి నాకు అరవై దాటివుంటాయి; అప్పుడు మడక పట్టేదెవరు?

చేను లేనివూళ్లో యిల్లెందుకన్నది పెద్దన్న వాదం. దూలాలకు చెద పట్టినమాట నిజమే. మట్టి మిద్దెకు యేటా వానలకు ముందు చవుడు పోయాలి; మూడేళ్లుగా పోసినవారు లేరు. గవాక్షి కింద గోడ వుబ్బివున్నది. చిన్నప్పుడు ఆ గవాక్షిలోంచి పడే యెండను బట్టే అమ్మ పొద్దు చెప్పేది.

సాయంత్రం మిద్దె యెక్కితే మా చిన్నది, “నాయనా, సముద్రం!” అని కేకవేసింది. చూస్తే నిజంగానే కనుచూపు మేర నీలంగా పలకలు. మా వైపు సముద్రమంటే చెరువని అర్థం. బాలసముద్రమూ ఆ కోవలోదే. పిల్లకు అదంతా యెందుకని వూరుకొన్నాను.

తాళంచెవి పక్కింటి అవ్వ దగ్గర వుంటుంది. ఆమెకు సెంటు భూమి లేదు. భూమి వున్నవారికి గుత్త వచ్చింది. ఆమెవంటి వారికి కూలి పోయింది. ఆ కలుపుతీతలూ కాయకోతలూ యిక లేవు. పగలంతా మా అరుగు మీదనే కూర్చుంటుంది. “అమ్మేస్తారంట గదా నాయనా, కొనేవాళ్లు అరుగు తీసేస్తారా?” అని అడిగింది. కొనేవారు పార్కు వుద్యోగులకు బాడుగకు గదులు కడతారట. అరుగు వుండదు. ఆ మాట చెప్పలేకపోయాను.

మరునాడు అదే అరుగు మీద క్రయపత్రం చదివి అందరికీ తెలుగులో చెప్పవలసిన పని నాకు పడింది. ఆఫీసులో యిటువంటివి దినమూ చూస్తాను. గొంతు పట్టడం మాత్రం అదే మొదలు. చెక్కుబందీ దగ్గరకు వచ్చాను. తూర్పున వీధి, దక్షిణాన సందు, పడమర గుడిమాన్యం, వుత్తరాన అవ్వ పెనిమిటి యిల్లు.

“మా ఆయన పేరుందా దాంట్లో?” అన్నది అవ్వ. ఆయన పోయి యిరవై యేళ్లు దాటింది.

ఉందన్నాను.

ఇంకొకసారి చదవమన్నది. చదివాను.