వెలుగుతో పందెం

ముప్పయ్యేళ్ళ కిందటి మాట. అప్పుడు నేనొక పల్లెటూరి బడిలో మాస్టారిని. ఒకనాడు ఎనిమిదో తరగతిలో పాఠం చెబుతూ, "వెలుగు సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది" అని నల్లబల్ల మీద రాశాను. వెనక బెంచీ మీది పిల్లవాడొకడు లేచి, "సార్, మన ఖమ్మం బస్సును ఆపకుండా వేగం పెంచుకుంటా పోతే, ఎప్పటికన్నా వెలుగును దాటిపోతదా?" అని అడిగాడు.

తరగతంతా గొల్లున నవ్వింది. నేనూ నవ్వాను. "పరీక్షలో రాని ప్రశ్నలు అడక్కు, కూర్చో" అన్నాను. నిజం చెప్పాలంటే, దానికి సరైన జవాబు అప్పుడు నాకూ తెలియదు. ఆ పిల్లవాడు నా తరగతిలో మరెప్పుడూ లేచి ప్రశ్న అడగలేదు.

మొన్న వేసవిలో అతను ముదిగొండలో మా యింటికి వచ్చాడు. ఇప్పుడు లారీ తోలుతున్నాడు. వెంట ఏడో తరగతి చదివే కూతురు ఉన్నది. "సార్, ఆనాడు నేనడిగిన మాటే ఇప్పుడు ఇది అడుగుతున్నది. నాకు తెలవక మీ దగ్గరికి తీసుకొచ్చిన" అన్నాడు. నాకు సిగ్గు వేసింది. ఆ అమ్మాయికి చెప్పిన జవాబే మీకూ చెబుతాను.

ఐన్‌స్టీన్ పేరు మీరు వినే వుంటారు. ఆయన కూడా పదహారో యేట ఇటువంటి ప్రశ్నే వేసుకున్నాడు: వెలుగు వెంట అంతే వేగంతో పరుగెత్తితే అది మనకు ఎలా కనబడుతుంది? పదేళ్ళపాటు ఆ ప్రశ్నను వదలలేదు. చివరకు 1905లో జవాబు దొరికింది. సాపేక్ష సిద్ధాంతం అనేది అదే.

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బస్సు వెనక మీరు 50 కిలోమీటర్ల వేగంతో మోటారు సైకిలు మీద పోతున్నారనుకోండి. బస్సు మీకు గంటకు 10 కిలోమీటర్ల చొప్పున దూరమవుతుంది. వెలుగు సంగతి అలా కాదు. దాని వెనక మీరు ఎంత వేగంగా పోయినా సరే, అది మీ ముందు నుంచి సెకనుకు అదే 3 లక్షల కిలోమీటర్ల చొప్పున దూరమవుతుంది. ఇక దాన్ని అందుకునేదెప్పుడు?

"బాగా బలంగా తోస్తే?" అన్నది అమ్మాయి.

1964లో అమెరికాలో బెర్టోజీ అనే శాస్త్రజ్ఞుడు ఆ పనే చేసి చూపించాడు. ఎలక్ట్రాన్లను విద్యుత్తుతో తోసి, కొంత దూరం పోవటానికి వాటికి ఎంతసేపు పడుతుందో కొలిచాడు. కొంత శక్తి ఇచ్చినప్పుడు వాటికి వెలుగు వేగంలో నూటికి 87 వంతుల వేగం వచ్చింది. ఆ శక్తిని తొమ్మిది రెట్లు చేశాడు. మన బడిలెక్క ప్రకారం వేగం మూడు రెట్లు కావాలి. కాని వెలుగు వేగాన్నయినా అందుకోలేదు! అయితే ఇచ్చిన శక్తి ఏమైంది? ఎక్కడికీ పోలేదు. ఎలక్ట్రాన్లు తగిలిన అల్యూమినియం బిళ్ళ ఎంత వేడెక్కిందో చూస్తే, ఆ శక్తి వాటిలోనే వున్నదని తేలింది. కొత్తగా ఇచ్చే శక్తి వేగాన్ని పెంచటం తగ్గిపోతుంది, అంతే. వెలుగు వేగాన్ని పూర్తిగా అందుకోవాలంటే అంతులేని శక్తి కావాలి. "లోకంలో అంత డీజిలు లేదు" అన్నాను. తండ్రీ కూతుళ్ళిద్దరూ నవ్వారు.

ఇంతకన్నా వింత మరొకటి వుంది. అంత వేగంగా పోయేదాని కాలం, నిలబడి చూసే మనకు నెమ్మదిగా నడుస్తున్నట్టు తేలుతుంది!

అంతరిక్షం నుంచి వచ్చే విశ్వకిరణాలు పైన గాలిని ఢీకొన్నప్పుడు మ్యూయాన్లు అనే సూక్ష్మ కణాలు పుడతాయి. కదలకుండా వున్న మ్యూయాను సగటు ఆయుస్సు ఎంతో తెలుసా? సెకనును పది లక్షల భాగాలు చేస్తే, అందులో రెండు భాగాలకు కాస్త ఎక్కువ. ఆ కాస్త కాలంలో వెలుగైనా 660 మీటర్లకు మించి పోలేదు. మ్యూయాన్లు పుట్టేదేమో పది కిలోమీటర్లకు పైన. మరి నేలను ఎలా చేరుతున్నాయి?

వేగంగా పోయే ఇటువంటి కణాల ఆయుస్సు పెరిగినట్టు కనబడాలని మన హోమీ భాభా 1938లోనే రాశాడు. 1963లో అమెరికాలో ఫ్రిష్, స్మిత్ అనే ఇద్దరు లెక్కపెట్టి చూపారు. వారు ఒక కొండ మీద గంటకు 563 మ్యూయాన్లను లెక్కించారు. అక్కడికి 1900 మీటర్ల దిగువన, కాలం మామూలుగా నడిస్తే, ముప్పయి మిగలటమే గొప్ప. కాని 408 వచ్చాయి! వాటి కాలం సుమారు తొమ్మిదో వంతు వేగంతో నడిచిందన్నమాట. మ్యూయానుకు మాత్రం తన కాలం మామూలుగానే నడుస్తుంది.

మన దేశంలోనూ మ్యూయాన్లను లెక్కపెట్టారు. ఎందరో తెలుగువాళ్ళు పనిచేసిన కోలారు బంగారు గనుల్లోకి 1951లో శ్రీకంఠన్ అనే శాస్త్రజ్ఞుడు దిగి, ఎంత లోతున అవి ఎన్ని వస్తున్నాయో కొలిచాడు.

"చెయ్యి చాపమ్మా" అన్నాను. అమ్మాయి అరచెయ్యి చాపింది. "ఇప్పుడు సెకనుకు ఇంచుమించు ఒక మ్యూయాను నీ అరచేతిలోంచి దూసుకుపోతున్నది. వెలుగుతో పందెం వేసి, గెలవకపోయినా, ఆయుస్సు పొడిగించుకుని వచ్చినవే అవన్నీ" అన్నాను. పక్కన ఆమె తండ్రి కూడా, నేను చెప్పకుండానే, చెయ్యి చాపి దానికేసే చూస్తున్నాడు.

"ఆనాడు నవ్వవలసింది నీ ప్రశ్నను చూసి కాదయ్యా, నన్ను చూసి" అన్నాను. "పోనీయండి సార్, జవాబు దొరికింది గదా" అన్నాడతను.

పిల్లలూ! మీ ప్రశ్నకు ఎవరైనా నవ్వితే, దాన్ని పారేయకండి, దాచుకోండి. పెద్దలకు కూడా ఒక మాట: "నాకు తెలియదు, తెలుసుకుని చెబుతాను" అనటం చిన్నతనమేమీ కాదు. ఆ మాట అనటానికి నాకు ముప్పయ్యేళ్ళు పట్టింది.