కుడిప్రక్క ఆసనము

మనుష్యుని యెరుగుటకు ముందు అతని వాహనము నెరుగగోరుట మన దేశమున చిరకాలముగా నున్న యలవాటు. పల్లకిలో వచ్చినవానికి అరుగుమీద చాప పరచిరి. కాలినడకను వచ్చినవానిని గడపకడనే నిలిపి కుశలమడిగిరి. పల్లకులు పోయినవి, గుఱ్ఱపుబండ్లు పోయినవి. ఆ చాప మాత్రము ఇంకను మన యరుగులమీదనే యున్నది. ఈ సంగతి మాకు పుస్తకములవలన తెలియలేదు. మా చెల్లెలి కూతురు విమానచోదకురాలైన పిదప మా నోటినుండియే వెలువడిన మాటలవలన తెలిసినది. ఆ సిగ్గును దాచక చెప్పుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నారము.

మేము ముప్పదియైదు సంవత్సరములు ఉపాధ్యాయ వృత్తిలో గడపి, ప్రధానోపాధ్యాయులుగాను, కొంతకాలము మండల విద్యాధికారిగాను పనిచేసి విశ్రాంతి గైకొన్నవారము. వరకట్నము కూడదని సభలలో చెప్పితిమి, పత్రికలలో వ్రాసితిమి. నిషేధ శాసనము 1961లోనే వచ్చినను, మా గోదావరి సీమలో ఆడపిల్ల పుట్టినది మొదలు కొంత భూమిని 'ఇది పిల్లది' అని వేరుగా లెక్కించుట మానలేదు. మా చెల్లెలును బావగారును తమ కుమార్తె కొరకు కాలువక్రింది మూడెకరముల మాగాణి నట్లే వేరుచేసి యుంచిరి. ఆ పిల్ల తన పదునెనిమిదవ యేట, ఒకనాటి రాత్రి భోజనములైన పిదప, 'నాన్నా, ఆ భూమి నాదేనా?' అని యడిగెను. 'నీదే తల్లీ' అని యాయన యనెను. 'అట్లయిన దానితో నాకు మగని కొనుటకు బదులు చదువు కొనుడు' అని, తనకు విమానము నడుపు విద్య కావలెనని చెప్పెను. బావగారు మా ముఖము చూచిరి. ముప్పదియేండ్లు వేదికలమీద మేము చెప్పిన మాట ఆనాడు మా యింటికి వచ్చి మా యెదుట కూర్చున్నది. 'అమ్ముడు' అంటిమి. ఆ మాటను నేటికిని మా జీవితములోని మంచిమాటలలో నొకటిగా నెంచుకొందుము. తరువాతి కాలమున నాడిన మాటయే మా తల వంచినది.

ఈ విద్య యొక్క క్రమము తెలియక భూములమ్ముకొను తలిదండ్రులు కలరు గనుక కొంచెము వివరించెదము. వాణిజ్య విమానచోదక అనుమతిపత్రమునకు మన దేశమున కనీసము 200 గంటలు ఎగిరి యుండవలెను. మార్గనిర్ణయము, వాతావరణము, విమాన నిబంధనలు, యంత్ర విషయములు మున్నగు పరీక్షలలో గెలువవలెను. మొదటి తరగతి వైద్యపరీక్షకు నిలువవలెను. ఇన్నియు నైన పిదప చేతికి వచ్చునది పని గాదు. పని యడుగుటకు అర్హత మాత్రమే. మా మేనకోడలు ఆ పత్రమును పెట్టెలో నుంచుకొని ఏడాదిన్నర కాలము ప్రకటనలకై యెదురుచూచినది.

పిమ్మట ఒక సంస్థవారు ఆమెను ఎన్నుకొనిరి. అచట రెండవ మెట్టు మొదలగును. విమానము నడుప నేర్చినవారు అన్ని విమానములను నడుపరాదు. ఒక్కొక్క జాతి విమానమునకు వేరుగా శిక్షణము పొంది వేరుగా అనుమతి పడయవలెను. దీనినే టైప్ రేటింగు అందురు. ఎయిర్‌బస్ 320 కుటుంబములోని 319, 320, 321 విమానములకు ఒకే అనుమతి చాలును. కాని దానితో బోయింగు 737ను గాని, పంకాలతో నెగురు ఏ.టి.ఆర్. 72ను గాని ముట్టరాదు. ఈ శిక్షణమునకు లక్షలు పట్టును. పలుచోట్ల ఆ భారము క్రొత్తగా చేరినవారిదే. బావగారు ఇల్లు తాకట్టు పెట్టిరి.

కావున క్రొత్త చోదకునికి మొదట ఏ విమానము కేటాయింపబడునన్నది, ఉపాధ్యాయునికి మొదట ఏ యూరి బడి దొరకునన్నటువంటిది గాదు. ఊరు మారినను పాఠ మదియే. విమానము మారినచో పాఠమే మారును. శిక్షణమంతయు మరల మొదలిడవలెను. అందుచేత సంస్థలు ఒక జాతి విమానముపై నిలిపినవారిని కొన్నియేండ్లు సులభముగా కదల్పవు. జీతము, నివసించు నగరము, తిరుగు మార్గములు, కమాండరగు కాలము, ఇవన్నియు చాలవరకు ఆ మొదటి కేటాయింపు వెంట నడచును.

ఆ కేటాయింపు జరిగిన సాయంకాలము ఫోను వచ్చినది. 'మామయ్యా, నాకు ఏ.టి.ఆర్. వచ్చినది' అని ఆమె సంతోషముతోనే చెప్పినది. మేమడిగిన మొదటి ప్రశ్న, 'ఎయిర్‌బస్ ఏల రాలేదు?' అని. అవతల క్షణకాలము మాట వినబడలేదు. పెద్దవిమానము నూటయెనుబదిమంది నెక్కించుకొనును, ఇది డెబ్బదికి పైగా మాత్రమే. అది ఏడుమైళ్ల యెత్తున పోవును గాని ఇది అయిదుమైళ్లు దాటదు. ఇట్టి లెక్కలన్నియు ఆ రాత్రి మా యింట జరిగినవి. మూడెకరములు అమ్మినది ఈ పంకాల బండికా యని ఒక బంధువు అననే అనెను. రెండు మాసములుగా వచ్చిపోవుచున్న ఒక సంబంధమువారు, 'చిన్నవిమానమా?' అని యడిగి, మరల రాలేదు. ఇన్నాళ్లు కట్నము సొమ్ములో తూచినవారు ఇప్పుడు ఆడపిల్లను ఆమె నడుపు యంత్రముతో తూచిరి. తక్కెడ మాత్ర మదియే.

ఆ రాత్రి మాకు నిద్రపట్టలేదు. లేచి, పెద్ద యుద్యోగములో నున్న మా పూర్వశిష్యునకు ఒక జాబు వ్రాసితిమి. ఆ సంస్థలో నతనికి పరిచయస్థులు కలరని మాకు తెలియును. 'పిల్ల బుద్ధిమంతురాలు, కొంచెము కనిపెట్టవలయును' అని వ్రాసితిమి. సిఫారసు అను మాట ఎక్కడను వాడలేదు. తప్పు చేయుచున్నామని మా చేతికి తెలిసినందువలననే ఆ మాట వాడలేదని ఇప్పుడు తోచుచున్నది.

పదునైదు దినముల పిదప ఆమె ఇంటికి వచ్చినది. సంచి దింపకయే మా గదిలోనికి వచ్చి, 'జాబు వ్రాసినది మీరేనా, మామయ్యా?' అని యడిగినది. అవునంటిమి.

'మేము పదునొకండుగురము ఒకే దినమున చేరితిమి. పెద్దవిమానములకు ఏడు స్థానములును చిన్నవానికి నాలుగును ఖాళీ యుండినవి. సిమ్యులేటరులో చోటు దొరకు దినములనుబట్టి, ప్రవేశపరీక్షలోని వరుసనుబట్టి పంచిరి. నాది తొమ్మిదవ పేరు. నన్ను పైకి జరిపినచో ఏడవవాడు క్రిందికి దిగవలెను. అతని పేరు మీకు తెలియునా?'

'తెలియదమ్మా.'

'అతనికి మీవంటి మామయ్య లేకపోవుట అతని తప్పా?'

మేము మాటాడలేకపోయితిమి. ఆమెయే మరల ననినది: 'బదిలీల దినములలో మీరేమి చేసెడివారో నాకు జ్ఞాపకమున్నది. జాబితా గోడకు అంటించువరకు ఎవరి జాబునైనను విప్పకయే త్రిప్పిపంపెడివారు. ఆ కథలు వినియే నేను పెరిగితిని.' కోపముతో ననలేదు. కోపముతో ననియుండిన మాకు కొంత తేలికగా నుండెడిది.

ఆమె సెలవు తీరి పోయిన పిదప ఈ వరుస యను దానినిగూర్చి మేము చాల యోచించితిమి. అమెరికా దేశపు పెద్ద విమాన సంస్థలలో వరుససంఖ్యయే చోదకుని బ్రతుకు. చేరిన దినమునుబట్టి సంఖ్య వచ్చును; ఒకేదినమున చేరినవారిలో వయసు మించినవానికి ముందుసంఖ్య ఇచ్చుట కొన్ని సంస్థల యాచారము. ఏ విమానము, ఏ నగరము, కుడి యాసనమా యెడమ యాసనమా, పండుగనాడు ఇంటనుండుటయా ఆకసమున నుండుటయా, అన్నియు ఆ సంఖ్య ప్రకారము కోరుకొనవలసినదే. పైవాడు విరమించినగాని క్రిందివాడు జరుగడు. దీనిని మేము పూర్వము సోమరులకు ఊతయని తలచెడివారము. ప్రతిభకు చోటేదని యడిగెడివారము.

కాని దీని వెనుక నొక చరిత్ర కలదు. 1919 జూలైలో అమెరికా తపాలా విమానముల చోదకులిద్దరు పొగమంచులో ఎగురుటకు నిరాకరింపగా వారిని పనినుండి తొలగించిరి. తోటివారు పనిమాని నిలిచిరి. 1931లో అచటి చోదకుల సంఘము ఏర్పడినది. దాని యర్థము యోచింపుడు. యజమాని దయవలన పెద్దవిమానము లభించునట్లయిన, ఆ దయను పోగొట్టుకొన నిచ్చగింపనివాడు మబ్బులు క్రమ్మినను 'పోలేను' అనడు. యంత్రములో లోపము కనబడినను చెప్పుటకు జంకును. పదోన్నతి యెవరి యిష్టముమీదను ఆధారపడనివాడే నిర్భయముగా 'ఈ దినము విమానము కదలదు' అనగలడు. అట్టివాని వెనుక కూర్చున్న వందలమంది ప్రాణములు ఆ యొక్క మాటమీద నిలిచియున్నవి. సిఫారసుతో పైకి వచ్చినవాడు ఆ మాటను ముందే అమ్ముకొనినవాడు. మా మేనకోడలి నోటినుండి ఆ మాటను మేమే కొనివేయబోతిమి!

ఈ పద్ధతికి దోషములు లేకపోలేదు. వరుససంఖ్య ఒక సంస్థలోనే చెల్లును. గడపదాటిన పిదప అది చెల్లని నాణెము. సంస్థయే మూతపడినచో నేమి చెప్పవలెను? మన దేశమున 2012లో కింగ్‌ఫిషరు, 2019 ఏప్రిలులో జెట్ ఎయిర్‌వేస్, 2023 మేలో గో ఫస్ట్ విమానములు ఎగురుట మానినవి. జెట్ సంస్థలో అనేకులు బోయింగు 737 నడుప నేర్చినవారు. అప్పటికి మన దేశమున హెచ్చుగా నెగురునవి ఎయిర్‌బస్ 320లు. అనుభవశాలురును మరల విద్యార్థులై పలకపట్టవలసి వచ్చెను. మఱియు మనకడ సర్వము వరుసతోనే నడువదు; సంస్థ యవసరము, ఒప్పందపు షరతులు కలియును. రాజీనామా చేయదలచిన కమాండరు ఒక సంవత్సరము, సహచోదకుడు ఆరుమాసములు ముందుగా తెలుపవలెనని 2017లో డి.జి.సి.ఏ. వారు నియమించిరి. కదలుట యింత కష్టమైనచోట, మొదటి కేటాయింపు న్యాయముగా నుండుట మఱింత యవసరము.

ఇంకొక మాట. మా మేనకోడలు శిక్షణకాలమున తన గదిలో ప్రేమ్ మాథుర్ గారి చిత్రమొకటి పెట్టుకొనినది. 1947లో హైదరాబాదులోని దక్కను ఎయిర్‌వేస్ వారు ఆమెను చేర్చుకొనిరి. మన దేశమున వాణిజ్య విమానము నడిపిన మొదటి స్త్రీ ఆమెయే. బేగంపేటనుండి ఎగిరిన ఆ విమానములలో ఆమెకు లభించినది కుడిప్రక్క యాసనము. ఎడమ యాసనము, అనగా కమాండరు స్థానము, అచట లభింపలేదు. నేడు మన దేశమున స్త్రీ చోదకుల పాలు ప్రపంచపు సగటుకంటె హెచ్చు. ఇది మెచ్చదగినదే. కాని తలుపు తెరచుట వేరు, తెరచిన పిదప లోపలిమెట్లు అందరికి ఒకేయెత్తున నుండుట వేరు. జాబితా బహిరంగముగా నున్నచోట ఆడదని యెవరిని వెనుకకు నెట్టలేరు. జాబులతో నడుచుచోట అంతకంటె సులభమైన పని లేదు. మా జాబు చెరుపబోయిన నియమమే మా పిల్లకు రక్ష.

చిన్నవిమానమునుగూర్చి మేము తలచినదియు తప్పే. అది మబ్బులకు పైగా తప్పించుకొని పోజాలదు. వానకాలమున వానిమధ్యనే దారి వెదకవలెను. ఇంజనుల శక్తిని తనంతట సవరించు ఏర్పాటు పెద్దవానిలోవలె దీనిలో లేదు, చేతితోనే సవరింపవలెను. ఒక దినమున నాలుగైదుమారులు దిగవలెను, లేవవలెను. 1500 గంటలు నిండి, పై తరగతి యనుమతిపత్రము గైకొని, పరీక్షలలో నిలిచినగాని ఎడమ యాసనమున కర్హత రాదు; ఆ గంటలు పెద్దవిమానమున గడచినను చిన్నదానిలో గడచినను గంటలే. పైగా సీనియరులు పెద్దవిమానములకు మారుచుండుటచేత ఇందులో ఎడమ యాసనము ముందుగా లభించుటయు కలదు.

కావున మేము కోరునది యిది. తలిదండ్రులు భూమి నమ్ముటకు ముందు ఈ మెట్లన్నియు నెరుగవలెను. సంస్థలు క్రొత్తవారిని చేర్చుకొనిన దినముననే కేటాయింపు ఏ వరుసను జరుగునో వ్రాసి యందరికి చూపవలెను. భూమిలేని యింటి పిల్లలకు ఈ విద్య అందునట్లు ప్రభుత్వమువారు ఋణములను, వేతనములను ఏర్పరచవలెను. మావంటి పెద్దలు కలము మూయవలెను.

మేము ఆ శిష్యునకు రెండవ జాబు వ్రాసితిమి. 'మొదటి జాబు తప్పు, దానిని చింపివేయుము' అని యొక్క వాక్యము. మొదటిది పది నిమిషములలో వ్రాసితిమి. దీనికి మూడు దినములు పట్టినది.

మొన్నటి శ్రావణమాసమున హైదరాబాదునుండి రాజమహేంద్రవరమునకు ఆమె నడుపు విమానములో వచ్చితిమి. ఆమె కుడిప్రక్క యాసనమున నుండెను. త్రోవపొడుగునను మబ్బులే. గోదావరి కనబడినప్పుడు మేము కిటికీకి ముఖమానించి ఆ మూడెకరములకై వెదకితిమి. వరినాట్లతో పచ్చగా నున్న వేయిమళ్లలో అవి యేవియో తెలియలేదు. దాని నిప్పుడు దున్నువారు వేరు. ఇంటిమీది యప్పు ఇంకను తీరలేదు.

ఇల్లు చేరినతోడనే పొరుగింటి పెద్దమనుష్యుడు, 'అమ్మాయికి పెద్దవిమానము ఎప్పుడండీ?' అని యడిగెను.

'తన వరుస వచ్చినపుడు' అంటిమి.