బాకీ ఎవరిది?

మాది ముస్తాబాద్. నా చిన్నతనంలో బాపు అక్కడ ఒక కిరాణా దుకాణం కొన్నాడు. సరుకు లెక్కపెట్టుకున్నారు, తక్కెడలు చూసుకున్నారు, తాళంచెవులు చేతులు మారాయి. కాగితం మీద రాసుకున్నది నాలుగు వరుసలే. నెల తిరగకముందే సిరిసిల్ల నుండి ఒక టోకు వర్తకుడు పాత చిట్టా పట్టుకుని వచ్చాడు. "దుకాణం నీదైనప్పుడు బాకీ గూడ నీదే గద" అన్నాడు. బాపు వాదించలేదు, సగం కట్టాడు. కట్టకపోతే సరుకు రాదు మరి.

తరువాత హైదరాబాదులో కంపెనీ చట్టం చదువుకుంటున్నప్పుడు ఆ సంగతి పదే పదే గుర్తుకొచ్చేది. సరుకూ సామానూ మాత్రమే కొన్నవాడికి, తాను ఒప్పుకుంటే తప్ప, అమ్మినవాడి పాత అప్పులు సాధారణంగా అంటుకోవు. బాపు కట్టింది చట్టానికి కాదు, అవసరానికి. కంపెనీ వాటాలు కొంటే కథ వేరు. యజమానులు మారినా చట్టం దృష్టిలో కంపెనీ అదే వ్యక్తి. దాని అప్పులూ, దావాలూ దానితోనే ఉంటాయి. అందుకే కొనేవారు ముందుగా లెక్కలన్నీ తవ్వి చూస్తారు.

ఆ లెక్కలే అబద్ధమైతే? సత్యం కంప్యూటర్స్ విషయంలో అదే జరిగింది. 2008 డిసెంబర్ 16న రాజు కుటుంబానికే చెందిన రెండు మేటాస్ సంస్థలను కొంటామని ప్రకటించి, మదుపరులు మండిపడటంతో వెనక్కి తగ్గారు. 2009 జనవరి 7న లెక్కల మోసాన్ని రామలింగరాజు లేఖలో ఒప్పుకున్నారు. ప్రభుత్వం కంపెనీ లా బోర్డు ద్వారా పాత డైరెక్టర్లను తప్పించి కొత్తవారిని నియమించింది. అప్పటి టేకోవర్ నిబంధనల ప్రకారం ప్రజలకు ఇవ్వజూపే ధరను గత మార్కెట్ ధరలను బట్టి కట్టాలి. ఆ ధరలే మోసం మీద నిలిచినవి కనుక సెబీ నిబంధనలను సవరించవలసి వచ్చింది. ఏప్రిల్ 13న టెక్ మహీంద్రా వాటాకు 58 రూపాయల చొప్పున 31 శాతానికి వేలంలో గెలిచింది. సరిదిద్దిన లెక్కలు 2010లో గానీ బయటికి రాలేదు. అంటే నమ్మదగిన చిట్టా చేతిలో లేకుండానే కొన్నారన్నమాట, మా బాపు లాగే!

కంపెనీ నిలబడింది, వేలమంది ఉద్యోగాలు నిలిచాయి. అది చిన్న మాట కాదు. అయితే పాత ధరకు వాటా కొని నష్టపోయిన చిన్న మదుపరి మాటేమిటి? అమెరికా కోర్టులో దావా వేసిన మదుపరులతో 2011లో రాజీ కుదిరింది. కంపెనీ 12.5 కోట్ల డాలర్లు, ఆడిటర్లు 2.55 కోట్ల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. ఇక్కడ వాటాదారులు అలా ఒక్కటై దావా వేసే దారిని 2013 కంపెనీల చట్టం 245వ సెక్షన్‌లో చేర్చారు. అది అమలులోకి వచ్చింది 2016లో.

ఆ రాజీ సంగతి అప్పట్లో బాపుకు చెప్పాను. కాసేపు ఊరుకుని అడిగాడు:

"అమెరికాల కొన్నోనికి పైసలొచ్చినయి. మరి ఈడ కొన్నోని బాకీ ఎవలు కట్టాలె బిడ్డా?"

అంత చదువూ చదివి, ఆ రోజు నేను జవాబు చెప్పలేకపోయాను.